ముందు ఎవరికి ఫోన్ చేశామంటే
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



పొదుపు, బ్యాంకు లింకేజీ లెక్కలు ఇందాక చదివారు. మేము చెప్పేది లెక్కల్లోకి రాని సంగతి. మేము చేసిన పొరపాటు.

మా సంఘంలో ఒక సభ్యురాలి భర్త ఏళ్ల తరబడి తాగేవాడు. అందరం వెంటపడి పోరితే ఒట్టుపెట్టుకొని ఒక్కసారిగా మానేశాడు. సంతోషంతో కొబ్బరికాయ కూడా కొట్టాం. మూడో రోజు రాత్రి ఒళ్లంతా వణుకు, చెమటలు. గోడ మీద పాములు పాకుతున్నాయన్నాడు. తనను చంపడానికి ఎవరో వచ్చారని కొడవలి పట్టుకొని వాకిట్లో నిలబడ్డాడు. పోలీసులకు ఫోన్ చేసింది మేమే. "తాగి గొడవ చేస్తున్నాడు" అని చెప్పిందీ మేమే. చేతులు కట్టి తీసుకెళ్లారు. తెల్లవారుజామున స్టేషన్లోనే ఫిట్స్ వచ్చాయి. అప్పుడు ఆసుపత్రికి తరలించారు. బతికాడు.

డాక్టరు అడిగిన మొదటి మాట, మందు మానేసి ఎన్ని రోజులైంది అని. రోజూ బాగా తాగే మనిషి ఉన్నట్టుండి ఆపేస్తే రెండు మూడు రోజులకు ఇలా రావచ్చట, ప్రాణం కూడా పోవచ్చట. మందులిచ్చి మెల్లగా మాన్పించాలి. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద లేచిన కథ మనందరికీ తెలుసు. దుకాణం మూయించడం మనకొచ్చు. మానేసినవాడికి ఆ వారం ఏం జరుగుతుందో మాత్రం మనకెవరూ చెప్పలేదు.

మన కురిచేడుకు ఇది కొత్త కాదు. 2020 జులై ఆఖరున కరోనాకు ఊరు కట్టడి చేసి మందు షాపులు మూసినప్పుడు శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. తాగుబోతులని తిట్టినవాళ్లే ఎక్కువ. వాళ్లకు వైద్యం కావాలన్న ఊహ మాకూ రాలేదు.

2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఏమంటుందో ఈ మధ్యే తెలుసుకున్నాం. మతి చెదిరి తిరిగే మనిషిని పోలీసులు కాపాడటానికి తీసుకెళ్తే లాకప్‌లో పెట్టకూడదు. 24 గంటల్లోపు ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. పురుగుమందు తాగినవాళ్లను కూడా, విపరీతమైన ఒత్తిడిలో ఆ పని చేశారనే చూడాలి, శిక్షించకూడదు. కేసు అవుతుందని ఆసుపత్రికి తీసుకెళ్లకుండా దాచే ఇళ్లు మనలో ఉన్నాయి కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాం.

14416. టెలిమానస్. 2022 అక్టోబరులో మొదలైంది. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు, అవసరమైతే డాక్టరుకు కలుపుతారు. అయితే ఉన్నమాట చెప్పుకోవాలి: ఆ ఫోన్‌కు బండి రాదు. బండికి 108 కే చేయాలి. చేతిలో కొడవలి ఉంటే 112 కూ చేయక తప్పదు. కానీ చేసినప్పుడు "గొడవ" అనకండి. "జబ్బు మనిషి, ఆసుపత్రికి తీసుకెళ్లాలి, మందు మానేసి ఇన్ని రోజులైంది" అని చెప్పండి. ఆ రాత్రి ఈ ఒక్క మాట మా నోట వచ్చుంటే కథ వేరేగా ఉండేది.

పిలిస్తే ఇంటికొచ్చే మానసిక వైద్య బృందం మనకు ఉండాలని తీర్మానం రాశాం. అది వచ్చేదాకా? ఒంగోలు పెద్దాసుపత్రికి రాత్రిపూట ఆమెతో ఎవరు వెళ్తారు, ఆటో డబ్బులెవరిస్తారు? ప్రతి గ్రామ సంఘం నుంచి ఇద్దరి పేర్లు వచ్చే నెల సమావేశానికి రాసి పంపండి. మా ఊరి నుంచి మొదటి పేరు ఆ సభ్యురాలే ఇచ్చింది.