పెద్దలకు సరిపోయే పాఠం ఎక్కడ దొరుకుతుంది?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



అంతర్జాలంలో దొరికే వనరులతో పెద్దలకు చదువు, ఇంగ్లిషు ఎట్లా నేర్పవచ్చో చెప్పమని నిర్వాహకులు నన్ను అడిగారు. బడి పండుగలో బడికి రానివాళ్ళ ముచ్చట ఎందుకని కొందరికి అనిపించవచ్చు. ఈ బడిలో ఇవాళ చదువుతున్న పిల్లల అమ్మలు, నాయనమ్మలు ఎందరో ఇప్పటికీ ప్రోగ్రెస్ కార్డు మీద వేలిముద్ర వేస్తున్నారు. వాళ్ళు ఈ బడికి బయటివాళ్ళు కారు.

2011 జనాభా లెక్కలు చూడండి. ఏడేండ్లు దాటినవాళ్ళలో చదవను, రాయను వచ్చినవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి సుమారు 73 మంది. నల్లగొండ జిల్లాలో 64 మంది. ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో 55 మంది. పాలమూరు ఆడవాళ్ళను మాత్రమే లెక్కిస్తే సగం కూడా లేరు. డిండికి ఇటు, అటు ఉన్న మన ఊళ్ళన్నీ ఈ లెక్కలోవే. అప్పుడు ముప్పై ఏండ్లున్న మనిషికి ఇప్పుడు నలభై దాటాయి. ఆమె బడి ఈడు ఎన్నడో పోయింది, బతుకు ఈడు పోలేదు. ఉపాధి హామీ మస్టరులో తన పేరుందో లేదో చూసుకోవాలి. సంఘం పుస్తకంలో కట్టిన వాయిదా ఎక్కిందో లేదో తెలియాలి. మందు గోలీల అట్ట మీద గడువు తేదీ చదవాలి. ఫోనుకు వచ్చిన అంకెలు బ్యాంకువో మోసగానివో పోల్చుకోవాలి. ఒకప్పుడు చదువు రాకపోతే ఉత్తరం చదివించుకోను ఇంకొకరి ఇంటికి పోయేవాళ్ళు. ఇప్పుడు చదువు రాకపోతే ఖాతాలో పైసలు పోతున్నాయి.

ఈ పనికి మన దగ్గర చరిత్ర ఉంది. 1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్ మొదలైంది. ఆ తర్వాత 1990లలో జిల్లా జిల్లాకూ అక్షరాస్యతా ఉద్యమాలు నడిచాయి. ఆ కాలంలో నెల్లూరు జిల్లాలో జరిగింది మనందరికీ తెలిసినదే. రాత్రి బడి వాచకంలో సారా వల్ల చితికిపోయిన సీతమ్మ కథ పాఠంగా వచ్చింది. దూబగుంట ఆడవాళ్ళు ఆ కథలో తమ ఇండ్లను చూసుకున్నారు, సారా దుకాణానికి అడ్డం నిలబడ్డారు. అక్కడ పుట్టిన కదలిక జిల్లాలు దాటింది, 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. పాఠం చదివేవాళ్ళ బతుకును తాకితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

రెండో ఉదాహరణ మనకు ఇంకా దగ్గరిది. 2000లో టీసీఎస్ సంస్థ, ఎఫ్.సి. కోహ్లి చొరవతో, అప్పటి మెదక్ జిల్లా బీరంగూడలో కంప్యూటరుతో వయోజన విద్య ప్రయోగం చేసింది. అక్షరాస్యతా మిషన్ వాచకాల్లోని పాఠాలనే తీసుకున్నారు. తెర మీద బొమ్మ, మాట కనబడతాయి, ఆ మాట చెవికి వినబడుతుంది. మాటను ముందు మొత్తంగా గుర్తుపట్టించి, తర్వాత ముక్కలుగా విడదీసి చూపించారు. సుమారు నలభై గంటల్లో పెద్దలు తెలుగు పత్రికలో సులువైన భాగాలు చదవగలిగారు. అది ప్రధానంగా చదవడానికే, రాతా లెక్కా అందులో లేవు. అయినా ఒక విషయం తేలింది. పెద్దవాళ్ళకు తెలుగు ముందే వచ్చు. నోట్లో ఉన్న మాటకు కాగితం మీది గుర్తును జోడించడమే మిగిలిన పని. పిల్లవానికి పట్టినంత కాలం పెద్దవాళ్ళకు పట్టనక్కర లేదు.

ఇప్పుడు నెట్టు సంగతికి వస్తాను. అక్కడ పాఠాలకు కొదవ లేదు. కానీ తెలుగులో దొరికేవాటిలో ఎక్కువ భాగం చిన్నపిల్లలవి. నలభై ఐదేండ్ల మనిషి ముందు ఆడిపాడే కుందేలు బొమ్మ పెడితే ఆమె రెండో నాడు రాదు. అందుకే ఏది తీసుకోవాలో, దాన్ని ఎట్లా మలుచుకోవాలో చెబుతాను.

మొదటిది ప్రభుత్వం ఇచ్చేది. 2022 నుంచి దేశంలో నడుస్తున్న కొత్త అక్షరాస్యతా కార్యక్రమం పేరు ఉల్లాస్. 15 ఏండ్లు దాటినవాళ్ళ కోసం ఉద్దేశించినది. 2023లో దీని యాప్ వచ్చింది. నేర్చుకునేవాళ్ళూ, నేర్పే వాలంటీర్లూ అందులోనే పేరు నమోదు చేసుకోవచ్చు. పాఠాలు దీక్షా పోర్టల్‌లో ఉంటాయి. చివర్లో చదవడం, రాయడం, లెక్క, ఒక్కోదానికి 50 చొప్పున 150 మార్కుల పరీక్ష ఉంటుంది, పాసైతే సర్టిఫికెట్ ఇస్తారు. మన రాష్ట్రంలో మహిళా సంఘాల సభ్యుల కోసం ‘అమ్మకు అక్షరమాల’ పేరుతో నడుస్తున్నది కూడా దీనిలో భాగమే. వెతికేవాళ్ళు తెలుగు లిపిలోనే ‘వయోజన విద్య వాచకం’ అని కొట్టి చూడండి. ఇంగ్లిషులో కొడితే వేరే రాష్ట్రాలవి, వేరే దేశాలవి ముందు వస్తాయి.

రెండోది కథలు. ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015 సెప్టెంబరు 8న, అంతర్జాతీయ అక్షరాస్యతా దినం నాడు, స్టోరీవీవర్ అనే వేదిక తెరిచారు. కథలకు నాలుగు స్థాయిలు ఉంటాయి. చాలా కథలు తెలుగులోనూ ఇంగ్లిషులోనూ దొరుకుతాయి. అవి క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉన్నాయి కాబట్టి, రాసినవాళ్ళ పేరు చెప్పి, దించుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు, మాటలు మార్చి మన ఊరి భాషలో పెట్టుకోవచ్చు. పిల్లల కోసం రాసినవే అయినా చేను, సంత, వాన, ప్రయాణం వంటి కథలను ఏరుకుంటే పెద్దలకూ పనికొస్తాయి. నెట్టులో కనబడ్డ ప్రతిదాన్నీ జిరాక్సు తీయకూడదు. లైసెన్సు చూసి తీసుకునే అలవాటు ఉపాధ్యాయులే నేర్పాలి.

మూడోది మన ఇండ్లల్లోనే ఉంది, ఎవరూ దాన్ని పెద్దల పుస్తకంగా చూడరు. 2022-23లో ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిషు మీడియం మొదలైనప్పుడు మన రాష్ట్రం రెండు భాషల పాఠ్యపుస్తకాలు అచ్చు వేసింది. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ అదే పాఠం ఇంగ్లిషులో. ఎస్‌సీఈఆర్‌టీ వెబ్‌సైటులో ఈ పుస్తకాలు దొరుకుతాయి. తెలుగు చదవను వచ్చి ఇంగ్లిషు రాని తల్లికి ఇంతకన్నా మంచి ఇంగ్లిషు పుస్తకం నాకు తెలియదు. మూడో తరగతి పరిసరాల పాఠం బిడ్డతో కలిసి చదివితే ఇద్దరికీ చదువు వస్తుంది. బిడ్డ ఇంగ్లిషు మీడియంలో ఉండి తల్లికి ఆ పుస్తకం తెరవను భయమైతే, ఇంట్లో చదువు ముచ్చటే ఆగిపోతుంది.

ఇంగ్లిషు గురించి ఇంకో మాట. మన పెద్దలకు ఇంగ్లిషు రాదనుకోవడం సరికాదు. బస్సు, టికెట్, బిల్లు, కరెంటు, మోటరు, ఆపరేషన్, లోను, ఛార్జింగ్, ఓటీపీ: ఇట్లా వందల మాటలు వాళ్ళ నోట్లో ఉన్నాయి. వాటికి ఇంగ్లిషు అక్షరాల రూపం తెలియదు, అంతే. ఏబీసీడీల పాట దగ్గర కాకుండా ఈ మాటల దగ్గర మొదలుపెట్టాలి. బస్టాండు బోర్డు, ఏటీఎం తెర, మందు అట్ట, కరెంటు బిల్లు ఫోటో తీస్తే నాలుగు పాఠాలు అయినట్టే.

కొంచెం చదువుకుని ఉద్యోగం కోసం, విదేశం కోసం ఇంగ్లిషు నేర్చుకునేవాళ్ళకు దారులు వేరు. బ్రిటిష్ కౌన్సిల్, బీబీసీ పాఠాలు ఉచితం. అమెరికా వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో 1959లో సుమారు 1500 మాటలతో, నిదానంగా చదివే ప్రత్యేక ఇంగ్లిషు వార్తలు మొదలుపెట్టింది. ఆ పద్ధతిలోని పాత రికార్డింగులు వినడానికి ఇప్పటికీ మంచివి. పెద్దల కోసమే తయారైన యూఎస్ఏ లెర్న్స్ 2008 నుంచి ఉంది. దుకాణం, డాక్టరు, ఉద్యోగం వంటి సందర్భాలతో వీడియో పాఠాలు ఉంటాయి. మనవళ్ళను చూసుకోను డాలస్‌కో న్యూజెర్సీకో పోయే మన అమ్మలకు, ఆరు నెలలు నాలుగు గోడల మధ్య గడిపే ఆ తల్లులకు, ఇది అక్కరకొస్తుంది. అక్కడి ప్రభుత్వ గ్రంథాలయాలు చాలాచోట్ల పెద్దలకు ఉచితంగా ఇంగ్లిషు తరగతులు నడుపుతాయి. అక్కడున్న మన మిత్రులు ఆ సంగతి తమ ఇంట్లోవాళ్ళకు చెప్పాలని మనవి.

ఇక నాలుగోది, నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనది. మన మనిషికి సరిపోయే పాఠం ఎక్కడా దొరకకపోతే, ఆమె దగ్గరే దొరుకుతుంది. 2017 నుంచి గూగుల్ కీబోర్డులో తెలుగులో మాట్లాడితే అక్షరాలు పడుతున్నాయి. ఆమెను ఒక మాట చెప్పమనండి. “నిన్న పత్తి ఏరినం, కిలకు ఇంత ఇచ్చిండ్రు” అంటుంది. ఫోను దాన్ని రాస్తుంది. మన యాసకు అది తడబడితే మీరు సరిదిద్దండి, ఆమె మాటను మాత్రం పుస్తక భాషలోకి మార్చకండి. పెద్ద అక్షరాల్లో అచ్చు తీసి మరునాడు ఆమె చేతిలో పెట్టండి. ఆ కాగితం మీద ఏముందో ఆమెకు ముందే తెలుసు, కాబట్టి భయం ఉండదు. పత్తి అనే మాట ఎట్లా ఉంటుందో చూస్తుంది, దానిలో ప, త గుర్తుపడుతుంది. ఏ నెట్టులోనూ లేని పాఠం ఇది.

అక్షరాల వరుస గురించి ఉపాధ్యాయ మిత్రులకు తెలియనిది కాదు, అయినా జ్ఞాపకం చేస్తాను. అచ్చులన్నీ అయిపోయేదాకా ఆగితే ‘ఋ’ దగ్గరే సగం మంది మానేస్తారు. త, ల, న, గ, ప, డ, క అనే ఏడు అక్షరాలు నేర్పి చూడండి. తల, నగ, పలక, గడప, నడక, పడక, తలగడ, ఇన్ని మాటలు వారంలో చదువుతారు. చదవగలిగిన మాట కండ్లబడితే మనిషి మళ్ళీ వస్తుంది.

ఏ వనరు దొరికినా నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఇది పెద్దల బతుకుకు సంబంధించినదా? ఈ భాష మన ఊళ్ళో అర్థమవుతుందా? సిగ్నల్ లేకపోయినా నడుస్తుందా? ఇరవై నిమిషాల్లో ముగుస్తుందా? మూడో ప్రశ్న చిన్నది కాదు. చాలా ఇండ్లల్లో పెద్ద ఫోను ఒక్కటే, అది కొడుకు జేబులో ఉంటుంది. అందుకే పాఠాలు బడిలోనే దించుకుని, పెన్‌డ్రైవుల్లో, అచ్చు కాగితాల్లో పెట్టాలి. నాలుగో ప్రశ్న పొద్దంతా చేనులో వంగి పనిచేసి వచ్చిన మనిషి తరఫున అడిగేది.

చివరగా ఒక ప్రతిపాదన. స్వర్ణోత్సవ గుర్తుగా బడి ముందు తోరణం కట్టిద్దామని సంఘం ఆలోచిస్తున్నట్టు విన్నాను. కట్టండి, మంచిదే. దానితో పాటు మన గ్రంథాలయంలో ఒక అర పెద్దల పాఠాల కోసం కేటాయిద్దాం. పట్నాల్లో, దేశాల్లో ఉన్నవాళ్ళు వెతికి, ఎంచి, దించి పంపండి. ఊళ్ళో ఉన్నవాళ్ళు వారానికి మూడు సాయంత్రాలు ఒక గంట ఇవ్వండి. పైతరగతి పిల్లలు అమ్మల మాటలు ఫోన్లో రాసి పెడతారు. ఉపాధ్యాయులు వాటిని పాఠాలుగా సరిచేస్తారు. ఏడాదికి పది మందికి చదువు వచ్చినా ఆ పది మంది పేర్లు బోర్డు మీద రాద్దాం. దాతల పేర్లు శిలాఫలకం మీద చెక్కే మనకు ఇది కొత్త కాదు.

ఈ బడి మనకు అక్షరం ఇచ్చినప్పుడు మన ఇంట్లో ఎవరో ఒకరు బడి మానుకుని పనికి పోయారు. అక్కో, అమ్మో, చిన్నమ్మో. వాళ్ళ కూలి మీద మన ఫీజు నడిచింది. ఆ బాకీ ఇంకా తీరలేదు. తీర్చను సాధనం ఇప్పుడు మన అందరి జేబుల్లో ఉంది, మనసు పెట్టడమే తరువాయి.