ఆపేటప్పుడు లేచే రవ్వ

మీడియం వేవ్‌లో రేడియో వింటూ ఉండగా పక్క గదిలో ఎవరైనా ఫాను ఆపితే, రేడియోలో 'టప్'మని చప్పుడవుతుంది, గమనించారా? స్విచ్చి లోపల చిన్న నిప్పురవ్వ లేచిందన్నమాట. స్విచ్చి వేస్తేనే రవ్వ వస్తుందని అనుకుంటాం గానీ, ఫాను, మిక్సీ లాంటివాటికి ఆపేటప్పుడే ఎక్కువ.

వాటి లోపల ఉండేవి రాగితీగ చుట్టలు. జోరుగా వస్తున్న కుళాయిని చటుక్కున కట్టేస్తే గొట్టం దడదడలాడుతుంది చూడండి, చుట్టలో పారే కరెంటూ అంతే. ఉన్నట్టుండి తెంచితే తెగినచోట ఎగిరి దూకుతుంది. నడుస్తున్న మిక్సీ ప్లగ్గు లాగేసే ఇళ్ళలో ప్లగ్గు కాళ్ళు నల్లబడేది ఇందుకే. ముందు స్విచ్చి ఆపి, తర్వాతే ప్లగ్గు తియ్యాలి.

పెట్రోలు కారులో ఈ గుణాన్నే పనికి పెట్టారు. 12 వోల్టుల బ్యాటరీ కరెంటును ఇగ్నిషన్ కాయిల్‌లోకి పంపి, సరిగ్గా వేళకు తెంచుతారు. ఆ దెబ్బకు వేల వోల్టులు పుట్టి, స్పార్క్ ప్లగ్గు దగ్గర రవ్వ లేచి పెట్రోలు ఆవిరి అంటుకుంటుంది. అయితే కాయిల్‌లో కరెంటు ఉన్న క్షణంలోనే తాళంచెవి తిప్పి ఆపితే, ఎవరూ అడగని రవ్వ ఒకటి లేవవచ్చు. లోపల ఆవిరి మిగిలి ఉంటే ఇంజను ఒక్కసారి తన్నుతుంది. చేత్తో తిప్పే చిన్న ఇంజన్లయితే వేళ్ళకే ముప్పు. అందుకని కొన్ని ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్లలో కరెంటును ఒక్కసారిగా తెంచకుండా, కుళాయిని మెల్లగా కట్టినట్టు తగ్గించే ఏర్పాటు పెట్టారు. రవ్వకు కావలసిన దెబ్బ తగలదు.

మన వంటింటి స్విచ్చికి ఆ ఏర్పాటెక్కడిది? గ్యాసు వాసన వస్తే లైటు వెయ్యకూడదని అందరికీ తెలుసు. కానీ తిరుగుతున్న ఎగ్జాస్టు ఫానును కంగారులో ఆపేస్తాం. అదీ ప్రమాదమే. వేసినది వేసినట్టే, ఆపినది ఆపినట్టే వదిలెయ్యండి. రెగ్యులేటరు కట్టేసి, తలుపులు బార్లా తెరవండి. వంటగ్యాసు గాలికన్నా బరువు, నేలబారున నిలుస్తుంది, కిటికీ ఒక్కటీ తెరిస్తే చాలదు. ఫ్రిజ్ తనంతట తానే ఆగుతూ తిరుగుతూ ఉంటుంది, అక్కడా రవ్వే. కాబట్టి 'చూద్దాంలే' అని అక్కడ నిలబడకండి, పిల్లల్ని తీసుకుని బయటికి నడవండి. ఫోను కూడా బయటికి వెళ్ళాకే. గ్యాసు లీకుకు 1906 నంబరు రాత్రీపగలూ పలుకుతుంది.