శరణాగతుని చేతికి పని



శరణార్థి అను మాట వినగానే మనకు దూరదేశములందలి గుడారములు మనస్సున మెదలును. కాని శరణము మన రామకథకు ప్రాణము. ఉన్న ఊరు విడిచివచ్చిన విభీషణునకు శ్రీరాముడు అభయమిచ్చి ఊరకుండలేదు. సముద్రజలము తెప్పించి, అక్కడనే లంకారాజుగా అభిషేకము చేయించెను. ఆశ్రయముతోబాటు బ్రతుకునందు ఒక స్థానమును గూడ ఇచ్చుటయే సంపూర్ణమైన శరణము.

ఇందుకు మన పడమటి కర్నూలు సీమ చరిత్రయే సాక్షి. 1876–78 నాటి ధాత కరువు కాలమున ఆదోని ప్రాంతము బళ్ళారి జిల్లాలో నుండెను. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనులలోని పురుషునకు దినమునకు ఒక పౌను ధాన్యము, ఒక అణా చాలునని నిర్ణయించెను. పౌననగా సుమారు 450 గ్రాములు. అది శరీరము నిలుచుటకే చాలదని మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టర్ కార్నిష్ వాదించెను. సాయమును తూచి ఇచ్చిరే గాని, పుచ్చుకొనువాని కష్టమును తూచలేదు.

1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరున చేనేత సహకార సంఘమును నెలకొల్పిరి. నూలు ఇచ్చి, నేసిన వస్త్రమును కొని అమ్ముట సంఘపు పని. అందు నేతగాడు యాచకుడు కాడు, సభ్యుడు. కరువు సీమలో ఇంతకు మించిన దానమేమున్నది?

2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి మంత్రాలయమును, తీరగ్రామములను ముంచెను. ఆవలి ఒడ్డున రాజోలి నేతన్నల ఇండ్లును మునిగెను. ఆ దినములలో అన్నపు పొట్లము అమృతమే. కాని గుంటమగ్గములో బురద నిండి, పడుగు కుళ్ళిన ఇంటివానికి పొట్లము ఎన్ని దినములు? నాడె మరల ఆడిన దినముననే ఆ ఇంట వరద తీసినట్లు.

నేటికిని ఆదోని, ఎమ్మిగనూరు పల్లెలనుండి మిరప కోతలకు గుంటూరు వైపు వలసపోవు కుటుంబములు పొలముల ప్రక్కన గుడారములలో కాలము గడుపుట మనమెరిగినదే. వారిని చూచి జాలిపడుట సులభము. ఊరిలోనే పని కల్పించుట కష్టము. ఆ కష్టమైనదే ధర్మము.

శ్రద్ధతోను, వినయముతోను ఇవ్వవలెనని తైత్తిరీయోపనిషత్తు ఉపదేశించుచున్నది. కావున ఆపదలోనున్నవాని యొద్దకు పోయినప్పుడు “భోజనమైనదా?” అని మొదట అడుగుదము. పిమ్మట “మీరు చేయు పని ఏమి? దానికి ఏమి కావలెను?” అనియు అడుగుదము. మొదటి ప్రశ్న ప్రాణము నిలుపును. రెండవది మానము నిలుపును.

అందరికిని శ్రీరామరక్ష.