రిపేరు పెట్టె
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పాత రేడియోలు, కంప్యూటర్లు విప్పి బాగుచేయడం నాకు సరదా. దాని గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు కమిటీవారు.

ఈ పిచ్చి నాకు ధర్మవరంలో అంటుకుంది. సెలవులకు మేనమామ ఇంటికి పోతే మగ్గం మీది జకార్డునే చూస్తూ కూర్చునేవాణ్ణి. అట్టలో బెజ్జం ఉంటే పోగు లేస్తుంది, లేకుంటే లేవదు. అట్టల దండ మారిస్తే చీర అంచు మీది బుట్టా మారుతుంది. ఫ్రాన్సులో 1804లో జకార్డు చేసిన ఈ ఏర్పాటు నుంచే కంప్యూటర్లకు పంచ్ కార్డుల ఆలోచన వచ్చింది. అంటే మన నేతగాళ్లు ఎప్పటినుంచో ప్రోగ్రాములు నడుపుతున్నట్టే!

ఇప్పుడు నా పెట్టెలో ఏముందో చెబుతాను. ఒక మల్టీమీటరు, ఒక సోల్డరింగ్ ఐరన్, చిన్న స్క్రూడ్రైవర్ల సెట్టు, లైనక్స్ ఎక్కించిన పెన్‌డ్రైవు. కంప్యూటరు మొరాయిస్తే ముందు ఆ పెన్‌డ్రైవుతో ఆన్ చేసి చూస్తాను. అప్పుడు బాగా నడిస్తే మిషను మంచిదే, తప్పు లోపలి సాఫ్ట్‌వేరులోనో డిస్కులోనో ఉందని అర్థం. కొత్తది కొనే ముందు ఈ పరీక్ష చేయండి.

ఫోను కార్డులో ఫొటోలు పొరపాటున చెరిగిపోతే కంగారుపడకండి. చెరిగేది విషయసూచిక మాత్రమే, పేజీలు ఇంకా ఉంటాయి. కాకపోతే ఆ కార్డులో కొత్తవి తీయకూడదు. ఫొటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో చాలావరకు వెనక్కి తెచ్చుకోవచ్చు.

నా తప్పు కూడా చెప్పాలి. మన రజతోత్సవం ఫొటోలు అందరి దగ్గరా అడిగి తెచ్చి, స్కాన్ చేసి, ఒకే హార్డ్ డిస్కులో పెట్టాను. ఒకరోజు అది టిక్ టిక్ మంది. ఆపేయాల్సింది పోయి, పదిసార్లు ఆన్ చేశాను. పూర్తిగా పోయింది. వాటిలో కొన్ని ఫొటోల అసలు ప్రతులు ఇప్పుడు ఎవరి దగ్గరా లేవు. ఆ నష్టం నా వల్ల జరిగింది, క్షమించండి. అప్పటినుంచి ఏదైనా మూడు ప్రతులు ఉంచుతున్నాను. రెండు ఇంట్లో వేర్వేరు డిస్కుల్లో, ఒకటి వేరే ఊర్లో.

ఆ అప్పు కొంతైనా తీర్చుకునే అవకాశం పోయినేడు దొరికింది. మన తెలుగు అయ్యవారి వీడ్కోలు సభ క్యాసెట్టు ఒక మిత్రుడి అటక మీద కనబడింది. టేప్‌రికార్డరు బెల్టు సాగి గొంతు ఈడ్చుకుపోతోంది. బెల్టు మార్చి, ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటరుకు వైరు కలిపి, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో రికార్డు చేశాను. అయ్యవారు లేరు. వారి అమ్మాయికి వినిపిస్తే, కళ్లు తుడుచుకుని, "మళ్లీ మొదటినుంచి పెట్టన్నా" అనింది.

అందుకే ఒక మనవి. ఇలాంటి పెట్టె ఒకటి మన బడికి నేను ఇస్తున్నాను. నెలకో ఆదివారం వచ్చి పిల్లలకు నేర్పిస్తాను. మీరు అటకల మీది క్యాసెట్లు, ఆల్బములు తీసుకురండి. బూజు పట్టకముందే తెండి.

సెలవు.