పదో మనిషి పేరు

 

నన్ను ఉపకార వేతనాల గురించి మాట్లాడమన్నారు. నేను షాపుల్లో పనిచేసేవాళ్ల ఆరోగ్య బీమా గురించి మాట్లాడతాను. రెండింటికీ సంబంధం ఉంది. బాగా చదివే పిల్లవాడు ఉన్నట్టుండి బడికి రాడు. కనుక్కుంటే తండ్రి మంచం పట్టాడని, వీడు మెకానిక్ షెడ్డులో చేరాడని తెలుస్తుంది. ఆరోగ్యశ్రీ కార్డుంటే ఆపరేషన్ అయిపోతుంది. తర్వాత రెండు నెలలు పనికి పోలేని ఆ మనిషి ఇంట్లోకి బియ్యం ఎక్కడినుంచి వస్తాయి?

అందుకే ఈఎస్‌ఐ ఉంది. 1948 నాటి చట్టంతో వచ్చింది. పది మంది, ఆపైన పనిచేసే దుకాణానికి, హోటలుకు, వర్క్‌షాపుకు వర్తిస్తుంది. నెలకు 21,000 రూపాయల వరకు జీతమున్న ప్రతి ఒక్కరినీ చేర్చాలి. 2019 జూలై నుంచి చందా తగ్గించారు కూడా: యజమాని వాటా 4.75 శాతం నుంచి 3.25కు, ఉద్యోగి వాటా 1.75 నుంచి 0.75కు. లెక్కలు చెప్పేవాణ్ని కనుక లెక్కే చెబుతాను. 12,000 జీతానికి యజమాని కట్టేది 390, పనివాడు కట్టేది 90. జబ్బుపడి డాక్టరు సెలవు రాస్తే జీతంలో 70 శాతం ఇస్తారు, ఏడాదికి 91 రోజుల దాకా. భార్యాపిల్లలకూ వైద్యం ఉంటుంది.

మరి మనవాళ్లు కొందరు రిజిస్టరులో తొమ్మిది పేర్లే ఎందుకు రాస్తారు? పదోవాడు "మా బంధువే" అంటారు. డిస్పెన్సరీలో క్యూలు, మందుల కొరత అంటారు; అది కొంత నిజమే. ఎదుటి షాపువాడు కట్టడం లేదంటారు. గిరాకీ అంతంతమాత్రమైనప్పుడు అదీ బాధే. కానీ జబ్బు చేశాక పేరు రాయిస్తే సెలవు సొమ్ము రాదు. ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజుల చందా ముందే ఉండాలి.

ఇక్కడ నాకు నచ్చని సంగతి ఒకటి చెప్పాలి. అలాంటి యజమాని రంజాన్‌లో మన రసీదు పుస్తకంలో ఐదు వేలు రాయిస్తాడు. ఆయన గుమాస్తా హక్కుగా రావలసిన డబ్బు కోసం మన ఆఫీసు ముందు దరఖాస్తు పట్టుకుని నిలబడతాడు. నలుగురితో నడిచే చిన్న కొట్లవాళ్లకు ఆ హక్కు కూడా లేదు; మన నిధి ముందు వాళ్లకు అందాలి.

అందుకని కమిటీకి ఒక మనవి. వైద్య సహాయం ఫారంలో ఒక గడి పెట్టండి: పనిచేసే చోట ఎంతమంది, ఈఎస్‌ఐ నంబరు ఎంత. పది మంది ఉండి కూడా నంబరు లేకపోతే యజమానిని పిలిచి అడగండి. ఆయన మన సభ్యుడైనా సరే.