ఓమ్నీలో బుల్లెట్ ఇంజనా?

పాత ఓమ్నీలో పడక, స్టవ్వు అమర్చుకుని ఊళ్లు తిరిగేవాళ్లకు, ఇంజను మొరాయించగానే బైకు ఇంజను ఎక్కిద్దామా అనిపిస్తుంది. ఎక్కించొచ్చు. శ్రీకాకుళం నుంచి బయల్దేరి శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాటెక్కినప్పుడు గానీ అసలు సంగతి తెలీదు. ఓమ్నీది 796 సీసీ, మూడు సిలిండర్లు, నీళ్లతో చల్లబడే ఇంజను. పాత బుల్లెట్ 350ది 346 సీసీ, ఒకటే సిలిండరు. దాన్ని ఎదురుగాలే చల్లార్చాలి. సీటు కింద మూసిపెడితే ఆ గాలెక్కడిది? ఫ్యాను బిగించాలి. రివర్స్ గేరూ ఉండదు, దానికి విడిగా ఏర్పాటు కావాలి.

ఇంత చేశాక ఆర్టీఓ గారున్నారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద అనుమతి తీసుకోవాలి. లేదంటే, 2019 సవరణ ప్రకారం 6 నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల జరిమానా, ఒక్కోసారి రెండూ. నన్నడిగితే, ఉన్న ఇంజనుకే బోరింగు చేయించి కొత్త పిస్టన్లు వేయించుకోండి.