ఆపి ఉంచిన కారులో బ్యాటరీ ఎందుకు డౌన్ అవుతుంది? కరెంటు లీకేజీని పట్టుకునే పద్ధతి

[తెరపై: బోనెట్ తెరిచిన కారు, బ్యాటరీ, పక్కన మల్టీమీటర్]

రెండు మూడు రోజులు కదలకుండా ఉన్న కారులో సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజిన్ తిరగకుండా టక్ టక్ మనే శబ్దం మాత్రమే వస్తే, చాలామంది ముందుగా చేసే పని కొత్త బ్యాటరీ కొనడం. అయితే కొత్త బ్యాటరీ వేసిన కొద్ది రోజులకే అదే పరిస్థితి ఎదురైతే, తాళం తీసేసిన తరవాత కూడా కారులోని ఏదో ఒక భాగం కరెంటును లాగుతోందని అర్థం. ఆ భాగాన్ని ఊహతో కాకుండా కొలతతో గుర్తించే పద్ధతిని ఈ వీడియో వివరిస్తుంది.

ఆపి ఉన్న కారు కొంత కరెంటును వాడుకోవడం సహజమే. గడియారం, అలారం, రిమోట్ సంకేతం కోసం ఎదురుచూసే రిసీవర్, ఇంజిన్ కంప్యూటర్ జ్ఞాపకశక్తి, ఇవన్నీ కలిసి సాధారణంగా 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటాయి. మిల్లీ ఆంపియర్ అంటే ఆంపియర్‌లో వెయ్యో వంతు. 40 మిల్లీ ఆంపియర్ల చొప్పున రోజంతా పోయేది సుమారు 1 ఆంపియర్ అవర్, అంటే ఒక ఆంపియర్ గంటసేపు ప్రవహించినంత, మాత్రమే కాబట్టి, చిన్న కార్లలో కనిపించే 35 ఆంపియర్ అవర్ బ్యాటరీలో సగం ఖర్చు కావడానికి రెండు వారాలకు పైగా పడుతుంది. అదే డిక్కీలోని 5 వాట్ల బల్బు ఆరకుండా వెలుగుతూ ఉంటే, అది సుమారు 0.4 ఆంపియర్ లాగి, రోజుకు 10 ఆంపియర్ అవర్ల వరకు తినేస్తుంది కనుక, రెండో రోజుకే ఇంజిన్ స్టార్ట్ కాకపోయే ప్రమాదం ఉంది.

[తెరపై: మల్టీమీటర్‌లో 12.6 వోల్టులు]

మొదటి మెట్టు బ్యాటరీ ఆరోగ్యాన్ని తేల్చుకోవడం. పూర్తిగా చార్జ్ చేసి కొన్ని గంటలు విశ్రాంతి ఇచ్చిన లెడ్ యాసిడ్ బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపాలి, 12.2 దగ్గర ఉంటే సగం, 12 కంటే తక్కువైతే దాదాపు ఖాళీ అయినట్టు. నెగెటివ్ కేబుల్ ఊడదీసి రాత్రంతా ఉంచినా వోల్టేజీ గణనీయంగా పడిపోతే లోపం బ్యాటరీలోనే ఉంది. పడకుండా నిలిస్తే అనుమానం కారు వైపు మళ్లుతుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు టెర్మినళ్ల వద్ద 13.8 నుంచి 14.5 వోల్టుల వరకు కనిపించాలి. అంతకంటే తక్కువైతే, మెకానిక్కులు డైనమో అని పిలిచే ఆల్టర్నేటర్ సరిగా చార్జ్ చేయడం లేదని అనుమానించాలి.

రెండో మెట్టు కరెంటును కొలవడం. మల్టీమీటర్ నల్ల వైరును ఉమ్మడి సాకెట్‌లోను, ఎర్ర వైరును 10 ఆంపియర్ల సాకెట్‌లోను పెట్టి, ఊడదీసిన నెగెటివ్ కేబుల్‌కూ బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్‌కూ మధ్య మీటరును కలపాలి. అప్పుడు కారు వాడే కరెంటు మొత్తం మీటరు గుండానే పోతుంది. ఈ అమరికలో ఉన్నంతసేపు సెల్ఫ్ కొట్టకూడదు, ఎందుకంటే సెల్ఫ్ మోటారు వందల ఆంపియర్లు లాగుతుంది, మీటరులోని ఫ్యూజ్ కాలిపోతుంది. ఆంపియర్ల సాకెట్‌లో వైరు ఉండగా మీటరును బ్యాటరీ రెండు టెర్మినళ్ల మధ్య పెడితే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. పని మొదలుపెట్టే ముందు ఉంగరం, గాజులు తీసి పక్కన పెట్టడం, బ్యాటరీ దగ్గర నిప్పురవ్వ రాకుండా చూసుకోవడం తప్పనిసరి, ఎందుకంటే చార్జ్ అయ్యేటప్పుడు బ్యాటరీ నుంచి మండే హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది.

ఈ పరీక్షలో ఎక్కువమంది తొందరపడేది ఇక్కడే. కారు ఆపగానే కంప్యూటర్లు వెంటనే ఆగిపోవు. ఒక్కొక్కటిగా స్లీప్ మోడ్‌లోకి, అంటే అతి తక్కువ కరెంటుతో ఉండే స్థితిలోకి, జారుకుంటాయి. అందువల్ల తలుపు తెరిచి ఉన్నా అది మూసి ఉందని కారు అనుకునేలా దాని లాక్‌ను స్క్రూడ్రైవర్‌తో మూసిన స్థితికి నొక్కి, రిమోట్ తాళాన్ని దూరంగా ఉంచి, కనీసం అరగంట వేచి ఉండాలి. మీటరులో మొదట అనేక ఆంపియర్లుగా కనిపించిన అంకె మెట్టు మెట్టుగా దిగుతూ 0.03 దగ్గర నిలిస్తే కారు ఆరోగ్యంగా ఉంది, 0.4 దగ్గరే ఆగిపోతే లీకేజీ ఉంది.

[తెరపై: ఫ్యూజ్ బాక్సు, ఫ్యూజ్ పైభాగంలోని రెండు లోహపు చుక్కలు]

మూడో మెట్టు దోషి ఉన్న సర్క్యూట్‌ను గుర్తించడం. ఒక్కొక్క ఫ్యూజ్‌ను పీకి, ఏది పీకినప్పుడు అంకె పడిపోతుందో చూడడం పాత పద్ధతి. కానీ ఫ్యూజ్‌ను తీసి పెట్టగానే నిద్రపోయిన కంప్యూటర్లు మేల్కొని లెక్క తారుమారు కావచ్చు. అందుకే ఫ్యూజ్‌ను కదపకుండా, దాని పైభాగంలోని రెండు లోహపు చుక్కల మధ్య వోల్టేజీని మిల్లీ వోల్టుల్లో కొలవడం మేలు. ఫ్యూజ్‌కూ స్వల్ప నిరోధం ఉంటుంది, 10 ఆంపియర్ల ఫ్యూజ్‌లో అది సుమారు 7 నుంచి 8 మిల్లీ ఓమ్‌లు. కాబట్టి 3 మిల్లీ వోల్టులు కనిపిస్తే దాని గుండా సుమారు 0.4 ఆంపియర్ ప్రవహిస్తోందని లెక్క. సున్నా చూపే ఫ్యూజ్‌లను వదిలి, విలువ చూపే ఫ్యూజ్ ఏ భాగాలకు కరెంటు ఇస్తుందో మూతపై బొమ్మలో చూసి, వాటిని ఒక్కొక్కటిగా వేరు చేయాలి.

ఏ ఫ్యూజ్‌లోనూ విలువ కనిపించకపోతే, బ్యాటరీ నుంచి లావు వైరుతో నేరుగా కలిసే ఆల్టర్నేటర్‌ను అనుమానించాలి. అందులోని డయోడ్లు, అంటే కరెంటును ఒకే దిశలో పోనిచ్చే భాగాలు, పాడైతే కరెంటు వెనక్కి కారుతుంది.

కారు కొన్న తరవాత బిగించిన పరికరాలను కూడా అనుమానించడం మంచిది. చాలా స్టీరియోల్లో పసుపు వైరుకు ఎప్పుడూ కరెంటు ఉండాలి, ఎర్ర వైరుకు తాళం తిప్పినప్పుడే రావాలి. రెండింటినీ ఒకచోట కలిపేస్తే స్టీరియో పూర్తిగా ఆగదు. డ్యాష్‌క్యామ్, జీపీఎస్ ట్రాకర్, ఓబీడీ పోర్టులో, అంటే మెకానిక్ స్కానర్ కలిపే సాకెట్‌లో, గుచ్చి వదిలేసిన పరికరం కూడా ఇలాంటివే. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు కేబుళ్లు ప్రాణాంతకమైన హై వోల్టేజీవి కాబట్టి, వాటి జోలికి వెళ్లకూడదు.

బ్యాటరీ పదే పదే ఖాళీ అవుతుంటే ప్లేట్లపై పేరుకున్న లెడ్ సల్ఫేట్ గట్టిపడి దాని సామర్థ్యాన్ని శాశ్వతంగా తగ్గిస్తుంది. అంటే లీకేజీని వదిలేస్తే కొత్త బ్యాటరీ కూడా పాడవుతుంది. అందుచేత, వీక్షకులు కొత్త బ్యాటరీకి డబ్బు చెల్లించే ముందు, కారు నిద్రలోకి వెళ్లిన తరవాత ఎన్ని మిల్లీ ఆంపియర్లు లాగుతోందో మెకానిక్‌తో తప్పక కొలిపించాలి. ఆ అంకె 50కి మించితే, ముందు మార్చాల్సింది బ్యాటరీని కాదు, వెతకాల్సింది లీకేజీని.